టెక్‌టీవీ ఎవరికైనా గుర్తుందా? (ప్రత్యేక చానెళ్లు పోయి పాడ్‌కాస్టులు వచ్చిన కథ)

#1 · ఫ్రీమాంట్_పాతకాపు · 15 నవంబరు 2025, శనివారం

గ్యారేజీ సర్దుతుంటే అట్టపెట్టె అడుగున ఒక వీహెచ్‌ఎస్ టేపు దొరికింది. మీద నా చేతిరాత: "స్క్రీన్ సేవర్స్, నా కాల్. చెరపొద్దు." చెరపొద్దు కింద రెండు గీతలు కూడా. ఆ గీతలు నా రూమ్మేటు కోసం. ఇండియన్ స్టోరులో అద్దెకు తెచ్చిన తెలుగు సినిమా క్యాసెట్లను కాపీ కొట్టుకునే జబ్బు వాడికి. చేతికందిన టేపు వదిలేవాడు కాదు.

కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, 1999లో వైటూకే (కంప్యూటర్లకు 2000 తేదీ గండం) పుణ్యమా అని ఇక్కడ అమెరికాకొచ్చి పడ్డ బాపతు నేను. నలుగురం, ఒక అపార్ట్‌మెంటు, ఒక టీవీ. అందులో మాకు అర్థమయ్యే చానెల్ జడ్‌డీటీవీ ఒక్కటే. జిఫ్ డేవిస్ అనే కంప్యూటర్ పత్రికల కంపెనీ 1998 మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టింది. రోజంతా కంప్యూటర్ల గోలే. తర్వాత మైక్రోసాఫ్ట్ పాల్ అలెన్ చేతికి వెళ్లి, 2000లో టెక్‌టీవీ అని పేరు మార్చుకుంది. అందులో స్క్రీన్ సేవర్స్ అని లైవ్ షో. లియో లపోర్ట్, ఆయన పక్కన మొదట కేట్ బొటెల్లో, తర్వాత పాట్రిక్ నార్టన్. జనం ఫోన్ చేసి మా పీసీ లేవట్లేదు మొర్రో అంటే అక్కడికక్కడే దారి చెప్పేవాళ్లు. వెబ్‌క్యామ్ ఉన్నవాళ్ల మొహం తెర మీద కూడా వేసేవాళ్లు. ఆ రోజుల్లో!

2001లో డాట్‌కామ్ కూలాక ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న ఆర్నెల్లు ఆ చానెలే నాకు ఆఫీసు. ఒకరోజు నేనూ ఫోన్ కొట్టా. నా సీడీ రైటర్ ప్రతి డిస్కునూ సగం రాసి పాడుచేసేది. విండోస్ 98 డివైస్ మేనేజర్‌లో డీఎంఏ అనే టిక్కు పెట్టి చూడమన్నారు. పెట్టా. పనిచేసింది. ఆ రాత్రి నలుగురం బిర్యానీ తెచ్చుకున్నాం.

2004లో కామ్‌కాస్ట్ దాన్ని కొని, తన వీడియో గేముల చానెల్ జీ4తో కలిపేసింది. మే 28న. శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసు ఎత్తేసి అంతా లాస్ ఏంజెలెస్‌కి పట్టుకుపోయారు. అప్పటికి 4 కోట్లకు పైగా ఇళ్లకు అందుతున్న చానెల్ అది. మరుసటి ఏడాదికల్లా పేరులో మిగిలిన టెక్‌టీవీ ముక్క కూడా పీకేశారు.

నా ప్రశ్న ఏంటంటే, ఇవాళ్టికీ నేను కారులో అదే లియో గొంతు వింటున్నా. చానెల్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. మరి అసలు పోయిందేంటి?

#2 · మిర్చిబజ్జి

రూమ్మేటు టేపు మీద సినిమా ఎక్కించాడా లేదా, అది చెప్పండి ముందు. చరిత్ర తర్వాత చూసుకుందాం.

#3 · ఫ్రీమాంట్_పాతకాపు

చూడ్డానికి ప్లేయరేదీ బాబూ. 2009లోనే పారేశా.

#4 · సర్వర్_సుబ్బయ్య

పాతకాపు గారూ, మీ కథకు రెండో సగం నేను చెప్తా. ఉద్యోగాలు పోయిన ఆ టెక్‌టీవీ బృందమే 2005లో మైకుల ముందు కూర్చుని మాట్లాడుకుని, ఆ ఆడియోను నెట్‌లో పెట్టింది. మొదట స్క్రీన్ సేవర్స్ పేరు కలిసొచ్చేలా పెట్టుకున్నారు. ఆ పేరు మాది అని జీ4 అభ్యంతరం చెప్తే, "దిస్ వీక్ ఇన్ టెక్" అని మార్చారు. పొట్టిగా ట్విట్. అదే ఏడాది ఆగస్టులో సెక్యూరిటీ నౌ అని ఇంకోటి మొదలైంది. స్టీవ్ గిబ్సన్, ఒకప్పుడు టెక్‌టీవీకి అతిథిగా వచ్చినాయనే. తన లెక్కల్లో ఎపిసోడ్ నంబరుకు మూడంకెలే పెట్టుకున్నాడు కాబట్టి 999తో ఆపేస్తానని ఏళ్ల తరబడి చెప్పాడు. ఆపలేదు. నిరుడు వెయ్యి దాటింది.

ఇంకో సంగతి. పాడ్‌కాస్టుకు గొట్టం లాంటిది ఆరెస్సెస్ ఫీడు (సంఘం కాదు, సైట్‌లో కొత్తది రాగానే మన దాకా చేరవేసే జాబితా). డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ 2000 చివర్లో దానికి "ఎన్‌క్లోజర్" అనే చిన్న జేబు కుట్టాడు. ఫీడులో అక్షరాలతో పాటు ఆడియో ఫైలు అడ్రసు కూడా పెట్టుకోవచ్చన్నమాట. ఆ జేబు కావాలని ఆయన వెంటపడ్డ మనిషి ఆడమ్ కరీ. ఈయనెవరు? ఎమ్‌టీవీ వీజే! 1981లో పాటల కోసమే పుట్టిన చానెల్లో పాటలు పరిచయం చేసినాయన. ఎమ్‌టీవీ డాట్ కామ్ అనే డొమైన్‌ను 1993లో తన పేరు మీదే రిజిస్టర్ చేసుకుంటే, చానెల్ వాళ్లు కోర్టుకెళ్లారు. అంటే నెట్‌లో ఏముందో వాళ్లకంటే ముందు వాళ్ల వీజేకే తెలిసింది. 2004లో ఆయన మొదలుపెట్టిన డైలీ సోర్స్ కోడ్ విని ఎంతమంది మైకులు కొన్నారో. పాడ్‌కాస్టు అనే మాట కూడా ఆ ఏడాదిదే, ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ వాడాడు.

2005 జూన్ చివర్లో ఐట్యూన్స్ 4.9లో పాడ్‌కాస్టుల విభాగం వచ్చింది. రెండు రోజుల్లో పది లక్షల సబ్‌స్క్రిప్షన్లు అని ఆపిల్ ప్రకటించుకుంది. మీ చానెల్ మూతబడి అప్పటికి పదమూడు నెలలు. ఇంకో రెండేళ్లు ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

#5 · ఎడిట్‌సూట్_రాత్రిషిఫ్టు

ఓపిక పట్టినా ఏమీ అయ్యేది కాదు. లోపల పనిచేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

హైదరాబాద్‌లో ఒక తెలుగు హెల్త్, వంటలు, తోటల చానెల్లో ఆరేళ్లు ఎడిటర్‌గా చేశా. పేరు అడక్కండి, మూడు నెలల జీతం ఇంకా రావాలి. మొదటి ఏడాది స్వర్గం. ఒక కెమెరామన్, నేను, అరకు వెళ్లి వారం రోజులు మిరియాల తోటలు తీసుకొచ్చాం. పసుపు ఉడకబెట్టడం మీద అరగంట ఎపిసోడ్ కట్ చేశా. ఇప్పటికీ నా మంచి పని అదే.

రెండో ఏడాది రేటింగుల కాగితం వచ్చింది. చాలా వారాలు సున్నా. దేశం మొత్తానికి మీటర్లున్న ఇళ్లు కొన్ని పదివేలు. సీరియల్ వేసే పెద్ద చానెల్‌కి ఆ లెక్క సరిపోతుంది. వారానికో గంట మా చానెల్ పెట్టుకునే పసుపు రైతు ఆ కొద్ది ఇళ్లలో ఒకడై ఉండాలి కదా! ఉండడు. మాకు చూసేవాళ్లు లేరని కాదు, కాగితం మీద లేరు. యాడ్ ఏజెన్సీకి కాగితమే కావాలి.

అప్పుడు ఎవరో అరగంట సినిమా పాటలు పెట్టి చూద్దాం అన్నారు. గీత లేచింది. అరగంట గంటయింది. "నేపథ్యంలో వంట" అని ఒక సమర్థింపు కూడా ఉండేది, పాటలో హీరోయిన్ వంటింట్లో ఉంటే చాలు. నాలుగో ఏడాదికి స్లాట్లు అమ్మడం మొదలైంది. రాత్రి పదకొండు దాటితే బరువు తగ్గించే బెల్టులు. పొద్దున డాక్టర్ లైవ్. ఆ డాక్టరే డబ్బు కట్టి వచ్చి కూర్చునేవాడు. ఫోన్లు రాని రోజు మేమే పక్క గదిలోంచి చేసేవాళ్లం, "నమస్కారమండీ, మోకాళ్ల నొప్పులండీ" అని. యాంకరమ్మ అలవాటు కొద్దీ "టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గించుకోండి సార్" అనేది. మా గదిలో టీవీయే లేదు.

చానెల్‌కి ఉన్న అసలు రోగం 24 గంటలు. మిరియాల గురించి చెప్పడానికి ఏడాదికి నలభై గంటల సరుకుంటే గొప్ప. మిగతా 8,700 గంటలు ఏం పెడతావు? శాటిలైట్ అద్దె మాత్రం ఆ గంటలన్నిటికీ కట్టాలి. పాడ్‌కాస్టు చేసేవాడికి ఆ బెడద లేదు. చెప్పేదున్న రోజు చెప్తాడు, లేని వారం తాళం వేసుకుంటాడు.

#6 · మిర్చిబజ్జి

పక్క గదిలోంచి ఫోన్! అన్నా, మా నాయనమ్మ ఆ డాక్టర్ చెప్పిన కషాయం రెండేళ్లు తాగింది.

#7 · తెనాలి_కేబుల్

ఎడిట్‌సూట్ అన్న పైనుంచి చెప్పాడు, నేను స్తంభం మీద నుంచి చెప్తా. మా నాన్న 1993 నుంచి కేబుల్ ఆపరేటర్. పదో తరగతి సెలవుల్లో నా పని ఇంటింటికీ వెళ్లి నెల డబ్బులు వసూలు చేయడం.

అనలాగ్ రోజుల్లో తీగలో చోటు తక్కువ. పాత టీవీల్లో ముందు బ్యాండులో ఉన్న కొన్ని చానెళ్లే శుభ్రంగా పడేవి, వెనక్కి పోయేకొద్దీ చీమలు. అందుకే ముందు నంబర్ల కోసం చానెళ్లే ఎదురు డబ్బులిచ్చేవి, క్యారేజీ ఫీజు అని. ఆ డబ్బు మా వరకు వచ్చేది కాదు, పైనున్న పెద్ద నెట్‌వర్కు దగ్గరే ఆగేది. అన్న చానెల్ లాంటివి 80వ నంబరు తర్వాత ఉండేవి. మా నాన్న వాటిని "చీమల చానెళ్లు" అనేవాడు, తప్పుగా అనుకోవద్దు.

డిజిటల్ బాక్సులొచ్చాక చోటుకు కొదవ లేదు, అన్నీ వచ్చాయి. పండగే. అసలు దెబ్బ 2019 ఫిబ్రవరిలో. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన కొత్త టారిఫ్. వంద చానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 చిల్లర, దాని మీద పే చానెల్ ఏది కావాలంటే దానికి విడిగా. అంతకుముందు మొత్తం మూట కట్టి ఇచ్చేవాళ్లం, ఎవరేం చూస్తున్నారో ఎవరికీ తెలీదు. కాగితం, పెన్ను పట్టుకుని వీధులన్నీ తిరిగి నేనే టిక్కులు పెట్టించా. జెమిని, ఈటీవీ, మా, జీ తెలుగు. ఇవి అందరూ. పిల్లలున్నచోట ఖుషీ. ముసలివాళ్లున్నచోట భక్తి. మా మూడు వీధుల్లో డిస్కవరీ కావాలని నోరు తెరిచి అడిగింది ఇద్దరు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు. ఇంకొకాయన టైలరు, మిషను కుడుతూ పులుల్ని చూస్తాడు.

మూటలో ఉన్నంతకాలం అందరి డబ్బుతో బతికిన చానెళ్లు, విడిగా లెక్క తీసేసరికి టైలర్ మీద పడ్డాయి. పైగా జియో వచ్చి అప్పటికే రెండున్నరేళ్లు. కుర్రాళ్లు కాగితం వైపు చూడను కూడా లేదు. చానెల్ వి 2018 సెప్టెంబరులోనే మూశారు. హెచ్‌బీఓ మన దేశంలో 2020 డిసెంబరులో పోయింది. పోయిన రోజున ఒక్క కస్టమర్ ఫోన్ చేయలేదు. అదే ఒక సీరియల్ పది నిమిషాలు ఆగితే మా ఇంటి ముందు గొడవ.

#8 · ఆకాశవాణి_అభిమాని

పిల్లలూ, అంతా చదివాను. నాకు డెబ్బై నాలుగు. ఒక్క విషయం అర్థం కావట్లేదు, దీన్ని రేడియో అంటే సరిపోదా? విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. పొలం గట్టు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని పాడిపంటలు విన్నవాళ్లం. రైతులకో వేళ, కార్మికులకో వేళ, పిల్లలకో వేళ. ఒక్క స్టేషన్‌లోనే మీరు చెప్పే చానెళ్లన్నీ ఉండేవి. 24 గంటలు నింపాలన్న ఆరాటం లేదు, మధ్యలో ప్రసారం ఆపేసి నిద్రపోయేవాళ్లు కూడా.

#9 · సర్వర్_సుబ్బయ్య

బాబాయిగారూ, తేడా ఒకటుంది. రేడియోకి లైసెన్సు, టవరు, వేళ. వేళ తప్పితే తప్పినట్టే. దీనికి ఆ మూడూ అక్కర్లేదు.

#10 · ఆకాశవాణి_అభిమాని

వేళ తప్పితే తప్పినట్టే, నిజమే నాయనా. అందుకే తప్పేవాళ్లం కాదు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఊరంతా ఒకటే మాట మీద ఉండేది. మా మనవడు చెవిలో ఏదో పెట్టుకుని వాడొక్కడే నవ్వుకుంటాడు. ఏంట్రా అంటే లింకు పంపిస్తా తాతా అంటాడు.

#11 · లింగంపల్లి_లోకల్

నేను ఆ చెవిలో పెట్టుకున్న బాపతే అండీ, క్షమించాలి. రోజూ ఎమ్‌ఎమ్‌టీఎస్‌లో గంట పోను, గంట రాను. పొద్దున కూరగాయలు తరుగుతూ ఇంకో అరగంట. ఆ వేళల్లో కళ్లు, చేతులు ఖాళీ ఉండవు, చెవులొక్కటే ఖాళీ. టీవీ నన్ను కూర్చోమంటుంది. కూర్చునే తీరిక నాకుంటే కదా!

తెలుగు సాహిత్యానికి గంట కేటాయించిన చానెల్ పేరొకటి చెప్పండి. కిరణ్‌ప్రభ గారు కాలిఫోర్నియాలో ఉండి, కౌముది మాసపత్రిక నడుపుతూ, ఒక్కో రచయిత గురించి, ఒక్కో చరిత్ర ఘట్టం గురించి భాగాలు భాగాలుగా చెప్పుకుంటూ పోతారు. వెనక సంగీతం లేదు, అరుపులు లేవు. ఎదురింటి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. హర్షణీయంలో కథకులతో తీరిగ్గా సంభాషణలు. అనువాదం గురించి అంతసేపు మాట్లాడతానంటే ఏ చానెల్ ప్రోగ్రాం ఇన్‌చార్జి ఒప్పుకుంటాడు? ఎడిట్‌సూట్ గారు చెప్పిన రేటింగ్ కాగితంలో నాలాంటివాళ్లం ఎప్పుడూ లేం. ఇక్కడ కనీసం మా కోసం ఎవరో ఒకరు మాట్లాడుతున్నారు.

#12 · మిర్చిబజ్జి

అక్కా, మీరు మంచివి ఏరుకుని చెప్తున్నారు. ఇప్పుడు తెలుగులో పాడ్‌కాస్టు అంటే జనం అనుకునేది వేరు. రెండు కుర్చీలు, రెండు పెద్ద మైకులు, వెనక వంకాయరంగు లైటు, గోడ మీద ఒక ప్లాస్టిక్ తీగ. మూడు గంటల ఇంటర్వ్యూ. అందులో ఏడ్చిన నిమిషం ఒక రీలు, ఎవరినో తిట్టిన నిమిషం ఇంకో రీలు. మూడు గంటలు ఎవడూ చూడడు, చూడమని తీయలేదు కూడా. ఇది మళ్లీ టీవీ కాదా? రేటింగ్ కాగితం బదులు వ్యూస్ అంకె.

#13 · సర్వర్_సుబ్బయ్య

బజ్జీ ఈసారి కారంగానే ఉన్నా నిజం. ఈ ఫిబ్రవరిలో యూట్యూబ్ చెప్పింది, నెలకు వంద కోట్ల మంది తమ దగ్గర పాడ్‌కాస్టులు చూస్తున్నారని. గమనించండి, "చూస్తున్నారు". మొన్న అక్టోబరులో స్పాటిఫై తన వీడియో పాడ్‌కాస్టులు కొన్ని నెట్‌ఫ్లిక్స్‌కి ఇస్తున్నట్టు ప్రకటించింది. ఆరెస్సెస్ అందం ఏంటంటే, నీ శ్రోతకూ నీకూ మధ్య యజమాని ఎవడూ లేడు. వీడియోకి మారగానే యజమాని వచ్చేశాడు, ఏది ఎవరికి చూపించాలో వాడి ఇష్టం. తెనాలి తమ్ముడి భాషలో చెప్పాలంటే ముందు నంబరు కోసం మళ్లీ క్యూ.

ఒక పాత ముచ్చట: స్క్రీన్ సేవర్స్‌లో చేసిన కెవిన్ రోజ్ 2005లో డిగ్నేషన్ అని నెట్ షో పెట్టాడు. దాన్ని నడిపిన రివిజన్3 అనే కంపెనీని 2012లో కొన్నదెవరు? డిస్కవరీ. తెనాలి టైలర్ గారు పులుల్ని చూసే కంపెనీయే.

#14 · కరీంనగర్_కాకి

డిస్కవరీ మాట వచ్చింది కాబట్టి మొదటిసారి రాస్తున్నా, ఇన్నాళ్లూ చదివి పోయేటోణ్ణి.

మా ఇంట్లో డిస్కవరీ తెలుగుల వచ్చేది. బేర్ గ్రిల్స్ పచ్చి పురుగు నోట్లో వేసుకుని, ఇందులో ప్రోటీన్ ఎంతుందో అచ్చ తెలుగులో చెప్పేటోడు. మా క్లాసులో అందరికీ ఆ డైలాగు నోటికొచ్చు. కానీ దాని తర్వాత వంతెనలు ఎట్ల కడతరో, విమానం రెక్క ఎట్ల పరీక్షిస్తరో వచ్చేది. రిమోటు పనిచేయకనే చూసిన చాలాసార్లు, అబద్ధం చెప్పను. సెల్లు లేవు రిమోట్ల. అట్ల చూసి చూసి సివిల్ ఇంజనీరింగ్ తీసుకున్న.

ఇప్పుడు నేను వినేయన్నీ నేను ఎంచుకున్నయే. క్రికెట్, స్టాక్ మార్కెట్, ఇంకొన్ని. వంతెనల పాడ్‌కాస్టు ఉంటది కావచ్చు, కానీ దాన్ని వెతకాలన్న ఆలోచన నాకు రావాలి గదా. పన్నెండేళ్ల పిలగానికి ఎట్లొస్తది?

#15 · ఎడిట్‌సూట్_రాత్రిషిఫ్టు

కాకి తమ్ముడూ, నువ్వు చూసినవి మంచి రోజులు. తర్వాత అమెరికాలోనే అసలు చానెళ్లు దారి తప్పాయి. హిస్టరీ చానెల్ 2009లో తాకట్టు కొట్టు షో పెట్టింది, పాన్ స్టార్స్. ఆ వెంటనే గ్రహాంతరవాసులు పిరమిడ్లు కట్టారంటూ ఇంకోటి. టీఎల్‌సీ అంటే ద లర్నింగ్ చానెల్ అని చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. దాని మూలాలు 1972లో, నాసా కూడా చేయి వేసిన చదువు చెప్పే ప్రసారాల్లో ఉన్నాయి. చివరికి కేకులు, పెళ్లి గౌన్లు. చరిత్ర కావాల్సినవాళ్లు డాన్ కార్లిన్ హార్డ్‌కోర్ హిస్టరీకి వెళ్లారు. ఒక్క మనిషి ఒక మైకు ముందు కూర్చుని ఒక యుద్ధం గురించి గంటల తరబడి మాట్లాడతాడు, 2006 నుంచి. చానెల్ వదిలేసిన పనిని అతను ఎత్తుకున్నాడనే నా లెక్క.

#16 · తెనాలి_కేబుల్

అందరూ పోయిన చానెళ్ల గురించే ఏడుస్తున్నారు. పోని ప్రత్యేక చానెళ్లు ఉన్నాయి కదా, వాటి సంగతేంటి? ఎస్వీబీసీ 2008 నుంచి నడుస్తూనే ఉంది. భక్తి టీవీ కూడా. మా కస్టమర్లలో పొద్దున నాలుగున్నరకి బాక్సు ఆన్ చేసి రాత్రి తొమ్మిదికి కట్టేసేవాళ్లున్నారు. చూడరు. ఇంట్లో సుప్రభాతం వినపడాలి, అంతే.

#17 · లింగంపల్లి_లోకల్

మా అత్తగారు అచ్చం ఇంతే! కల్యాణం వస్తుంటే చేతులు కడుక్కుని వచ్చి నిలబడతారు. లైవ్ కాబట్టి. అదే యూట్యూబ్‌లో ఎప్పుడైనా చూడొచ్చు కదా అంటే, "అప్పుడు జరిగేది కాదు కదమ్మా" అంటారు.

ఇంకోటి, ఎస్వీబీసీ టీటీడీది. బెల్టులు అమ్ముకుంటే తప్ప గడవని స్థితి దానికి లేదు.

#18 · నిర్వాహకుడు

ఏ దేవుడి చానెల్ మంచిదనే చర్చ కింద మొదలైంది, ఆ పదకొండు పోస్టులు వేరే దారానికి మార్చాను. అక్కడ కొట్టుకోండి.

#19 · ఫ్రీమాంట్_పాతకాపు · 16 నవంబరు, ఆదివారం

రాత్రంతా చదివాను. కాకి చెప్పింది నన్ను పట్టుకుంది. నేనూ జడ్‌డీటీవీని వెతుక్కుని చూళ్లేదు. బాస్కెట్‌బాల్ పెట్టబోయి తప్పు నంబరు నొక్కాను.

కానీ ట్విట్‌ని కూడా పూర్తిగా సుఖాంతం అనుకోకండి. నేను మొదట్నుంచీ వింటున్నా. మొదట పెటలూమాలో చిన్న ఇల్లు. 2011లో బ్రిక్ హౌస్ అని పెద్ద స్టూడియో, అచ్చం టెక్‌టీవీ సెట్టు లాగే. మా ఇంటి నుంచి గంటన్నర, ఒకసారి వెళ్లి ప్రేక్షకుల్లో కూర్చున్నా. 2016లో చిన్నదానికి మారారు. తర్వాత యాడ్లు తగ్గి కొన్ని షోలు ఆగాయి, కొందరిని పంపేశారు. 2021లో క్లబ్ పెట్టి వినేవాళ్లనే నెలనెలా ఇంత ఇమ్మన్నారు. నేనూ కడుతున్నా. నిరుడు ఆగస్టులో స్టూడియో మొత్తం మూసేశారు, లియో ఇంట్లో అటక మీద నుంచి చేస్తున్నాడు. ఇరవై ఏళ్లలో ఒక చానెల్ బతుకంతా బతికేసింది అది కూడా. తేడా అల్లా, మూసేసిన మర్నాడు కూడా నాకు ఎపిసోడ్ వచ్చింది. అద్దె ఎగిరిపోయినా గొంతు నిలబడింది. కామ్‌కాస్ట్‌కి అద్దె కట్టడం వచ్చు, ఆ గొంతులతో పని ఏంటో తెలీలేదు.

జీ4 సంగతి కూడా చెప్పి ముగిస్తా. పోలీసు రియాలిటీ షో రిపీట్లతో నింపి నింపి 2014 డిసెంబరు 31న ఆపేశారు. 2021 నవంబరులో మళ్లీ తెరిచారు, ఏడాది తిరక్కుండానే మూసేశారు. ఇక ఆ కామ్‌కాస్టే తన కేబుల్ చానెళ్లు చాలావాటిని వేరే కంపెనీగా విడదీస్తానని నిరుడు నవంబరులో ప్రకటించింది. సుబ్బయ్య గారి ఎమ్‌టీవీ బ్రిటన్‌లో పాటలు వేసే చానెళ్లను ఈ డిసెంబరు 31తో ఆపేస్తోందట.

నాకు పాడ్‌కాస్టులో దొరకనిది ఒక్కటే, నా ఫోను. 2001లో పని లేని ఒక తెలుగువాడు ఫోన్ చేస్తే ఎత్తి, వాడి నోట వచ్చిన ఇంగ్లీషుకు నవ్వకుండా, సీడీ రైటర్ బాగుచేశారు. అది ఇంకో లక్ష మంది చూశారు. ఇప్పుడు ఈమెయిల్ పంపితే వచ్చే వారం చదువుతారు. అదీ మంచిదే. కానీ ఆ రోజు ఫోన్ పట్టుకుంటే చేతులు వణికాయి. ఈమెయిల్‌కి వణకవు.

#20 · ఎడిట్‌సూట్_రాత్రిషిఫ్టు

మీ ఫోన్ అవతల నిజంగా మనిషున్నాడు సార్. ఆ మాట నేను మా చానెల్ గురించి చెప్పలేను.

#21 · మిర్చిబజ్జి

అంతా బాగుంది. టేపు?

#22 · తెనాలి_కేబుల్

పాతకాపు గారూ, చెరపొద్దు అని రాసి గీతలు కొట్టారు సరే. టేపు వెనక అంచున, ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. రికార్డయ్యాక అది విరిచేశారా? విరిచేస్తే వీసీఆర్ దాని మీద మళ్లీ ఎక్కించదు. మా నాన్న పెళ్లి క్యాసెట్లన్నిటికీ ముందు అదే విరిచేవాడు.

#23 · ఫ్రీమాంట్_పాతకాపు

ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. విరవలేదు.

#24 · మిర్చిబజ్జి

అయిపోయింది. మూడు గంటల ఫ్యామిలీ సినిమా గ్యారంటీ.

#25 · సర్వర్_సుబ్బయ్య

నేను శాన్‌హోజేలో ఉంటా. నా దగ్గర వీసీఆర్ ఉంది, పనిచేస్తుంది, క్యాప్చర్ కార్డు కూడా ఉంది. వచ్చే శనివారం పట్టుకు రండి.

#26 · తెనాలి_కేబుల్

ఆగండి, తొందరపడి తోయకండి. ముందు కిటికీలోంచి చుట్టను చూడండి. తెల్లగా బూజులాగా ఉంటే ప్లేయర్‌లో అసలు పెట్టొద్దు, హెడ్డుకు అంటుకుని ఆ తర్వాత పెట్టిన టేపులన్నిటికీ పాకుతుంది. బూజు లేకపోతే గ్యారేజీ చలిలోంచి తెచ్చి ఒక పూట ఇంట్లో ఉంచండి. తర్వాత ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే నొక్కండి. ఆ పలక మాత్రం ఇప్పుడే విరిచేయండి.